తొమ్మిదో బ్లేడు మీద గంధం బొట్టు

పాలు పొంగాయి. అవి పొంగేటప్పుడు లోగనాయకి వంటింట్లో లేదు. ముందుగదిలో కూతురు అభినయకి రెండో జడ అల్లుతోంది. స్టవ్‌కి రెండడుగుల దూరంలో ఉన్నది ఆమె భర్త ఉదయకుమార్. చేతిలో కాఫీ గ్లాసు, చంకలో పేపరు పెట్టుకుని, పాలు గిన్నె అంచు దాటి కారి, మంట సుయ్యిమని ఆరిపోయేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత తీరిగ్గా "లోగా, పాలు పొంగినాయి చూడు" అని కేకేశాడు. పూజగదిలోంచి అత్తగారు వేదవల్లమ్మ, "పొయ్యి మీద పాలు పెట్టి మనసు యాడ పెట్టుకుంటాదో" అంది, గోడకి చెబుతున్నట్టు. లోగనాయకి జడ సగంలో వదిలి పరిగెత్తుకొచ్చి, తడిగుడ్డతో స్టవ్ తుడుస్తూ, "తప్పు నాదే అత్తా, మంట తగ్గించి పోవాల్సింది" అంది. చూస్తూ నిలబడ్డ మనిషి తప్పేమిటో ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు, లోగనాయకితో సహా.

ఆ మాట ఆమె నోట్లో ఎప్పుడూ తయారుగా ఉంటుంది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు అందో ఆ దేవుడికే తెలియాలి. సాంబారులో ఉప్పు తగ్గితే తప్పు నాదే. ఉదయకుమార్ బండి తాళం ఎక్కడో పడేసి మర్చిపోతే, దాన్ని తీసి కొక్కేనికి తగిలించనందుకు తప్పు నాదే. అభినయ బళ్లో పడి మోకాలు గీసుకుంటే, చెప్పులు ఒక సైజు పెద్దవి కొన్నందుకు తప్పు నాదే. ఒకసారి కరెంటు పోయి గ్రైండర్‌లో ఇడ్లీపిండి సగంలో ఆగిపోతే దానికి కూడా ఈ మహాతల్లి తలవంచుకుని నిలబడింది. ఒప్పుకుంటే గొడవ ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ఎదురు చెబితే మర్నాటి టిఫిను దాకా సాగుతుంది, అదీ ఆమె తెలివి. అలా చేయనివన్నీ ఒప్పుకుని ఒప్పుకుని, నిజంగా తప్పు చేస్తే గుండెలో ఎలా ఉంటుందో మర్చిపోయింది. ఆ సోమవారం ఆఫీసుకి వెళ్లాక గుర్తొచ్చింది.

లాస్‌పేటలో విమానాశ్రయం వైపు వెళ్లే రోడ్డు మీద ఉంది ఆ ఆఫీసు. పైదేశాల సైన్సు పత్రికలకి ఇక్కడ పేజీలు కట్టి పంపిస్తారు. రెండు వందల మంది కూర్చుని చేసే ఆ పనంతా లోపల అద్దాల గదిలో ఉన్న సర్వర్ల మీద నడుస్తుంది. వాటిని చూసుకునేది లోగనాయకి. 2005లో కొత్తరకం వచ్చాయి, బ్లేడ్ సర్వర్లని. ఇనప పెట్టెలో పద్నాలుగు, బీరువాలో పుస్తకాలు నిలబెట్టినట్టు పక్కపక్కన సన్నగా నిలబడి ఉంటాయి. పెట్టె వెనకాల అరచేతి మందాన ఒక కార్డు ఉంటుంది, దాన్ని మేనేజ్‌మెంట్ మాడ్యూల్ అంటారు. బ్రౌజర్‌లో దాని అడ్రసు కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. పద్నాలుగింటి పేర్లు, ఏది వేడెక్కింది, ఏది ఆగింది, ఏది ముందు లేవాలి, ఏది తర్వాత లేవాలి, అన్నీ కుర్చీలో కూర్చునే చూడొచ్చు, మార్చొచ్చు. ఆ పెట్టె వచ్చిన నెలలో మూడొందల పేజీల పుస్తకం ముందేసుకుని, ఒక్కొక్క బ్లేడుకీ పేరు పెట్టి, అడ్రసు ఇచ్చి, మొత్తం తన చేత్తో నిలబెట్టింది లోగనాయకి. చుట్టాల పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే వేదవల్లమ్మ మాత్రం, "మా కోడలు బ్లేడ్ల కంపెనీలో చేస్తాది" అని చెబుతుంది. గడ్డం గీసుకునే బ్లేడ్లు కావు అని ఒకసారి విడమరిచి చెప్పబోతే, ఉదయకుమార్ పడీ పడీ నవ్వాడు. సరిగ్గా చెప్పలేకపోయినందుకు అప్పుడు కూడా తప్పు ఆమెదే అయింది.

అయినా ఆ గదంటే ఆమెకి ప్రాణం. అక్కడ ఒక అంకె మారిస్తే ఒక పని జరుగుతుంది. ఎవరూ సణగరు, ఎవరూ గోడకి చెప్పరు. అభినయ పుట్టాక మూడేళ్లు ఇంట్లో కూర్చుని మళ్లీ ఉద్యోగంలో చేరతానన్నప్పుడు ఉదయకుమార్ అడ్డం చెప్పలేదు, అది తన కొడుకు మంచితనమని వేదవల్లమ్మ ఇప్పటికీ కిరుమాంబాక్కంలో ఉన్న తన పుట్టింటి వాళ్లందరికీ చెబుతుంది. "పో, నేనేమీ వద్దనను. ఇంట్లో లోటు రాకూడదు, ఆఫీసులో మాట రాకూడదు. ఒక్క మాట వచ్చినా ఇంగ ఇంట్లోనే ఉండాల" అన్నాడు అతను. ఇంట్లో లోటు రాకుండా ఉండటానికి ఆమె నాలుగున్నరకి లేస్తుంది. ఆఫీసులో మాట రాకుండా ఉండటానికి ప్రతి పనీ రెండుసార్లు సరిచూస్తుంది. మూడేళ్లుగా మాట రాలేదు.

పేరు కూడా రాలేదు, అది వేరే సంగతి. ఆ మాడ్యూల్ పేజీలోకి వెళ్లడానికి పన్నెండు మందికి పన్నెండు పేర్లు పెట్టుకోవచ్చు. మొదటి వరసలో ఆమె పై అధికారి ముకుందన్ పేరు ఉంది, మిగతా పదకొండు వరసలూ ఖాళీ. మొదట్లో తనకొకటి పెట్టుకుంటానని అడిగితే, "ఒకే పనికి రెండు పేర్లెందుకమ్మా, నా పాస్‌వర్డ్ నీకు తెలుసు కదా" అన్నాడు ముకుందన్. నిజమే అనుకుంది. రెండేళ్లుగా ఆమె ఏ పని చేసినా ఆ పెట్టె ముకుందన్ చేశాడనే రాసుకుంటోంది.

ఒక్కొక్క బ్లేడుకీ ముందు వైపు చిన్న మూత కింద ఒక బటన్ ఉంటుంది, నొక్కితే అది ఆరిపోతుంది. ఎవరి చెయ్యి అయినా పొరపాటున తగలొచ్చని ఆ బటన్లు పనిచేయకుండా మాడ్యూల్ పేజీలోంచే ఆపేసి ఉంచింది లోగనాయకి. ఆగస్టులో చూడటానికి వచ్చిన పెద్దమనుషుల ముందు ముకుందన్ ఆ బటన్ నొక్కి ఆర్పి చూపించాలని సరదా పడ్డాడు. అది ఆరలేదు, పైగా అతని గోరు తగిలి తొమ్మిదో బ్లేడు మూత ఊడి చేతికొచ్చింది. ఆ సాయంత్రం ఆమెని పిలిచి, ఈ అతి తెలివి ఎందుకు, బటన్లన్నీ పనిచేసేలా పెట్టమన్నాడు. పెట్టింది. ఆయుధపూజ ముందు మాత్రం మళ్లీ ఆపేస్తానని అతనితో చెప్పింది, ఎందుకంటే పూజ ఎలా జరుగుతుందో ఆమెకి తెలుసు.

పూజ ముందు రోజు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకి ఆ పేజీ తెరిచింది. పద్నాలుగు గడుల్లోనూ టిక్కులు పెట్టింది. టిక్కు పెడితే చాలదు, కింద ఉన్న వరసల్లోంచి "బటన్ ఆపు" అనే దాన్ని నొక్కాలి, అప్పుడే పని జరుగుతుంది. మౌసు అక్కడికి తీసుకెళ్తుండగా ఫోను మోగింది. అభినయకి ఒళ్లు కాలుతోంది, మందు సీసా యాడ పెట్టినావని వేదవల్లమ్మ. ఫ్రిజ్ తలుపులో అని చెప్పింది. లేదంది. మూడో అర అని చెప్పింది. దొరికింది. అంతటితో ఆగితే ఆవిడ వేదవల్లమ్మ ఎందుకవుతుంది. గంధం చెక్క యాడ, రేపటి గుగ్గిళ్లకి శనగలు నానబోసినావా, బిడ్డకి జ్వరం పెట్టుకుని అంత పొద్దుదాకా ఆ మిషన్ల ముందర కూర్చునే తల్లిని నేను ఈ ఊర్లో చూళ్లేదు. పన్నెండు నిమిషాలు. తప్పు నాదే అత్తా, వచ్చేస్తున్నా అని ఫోను పెట్టేసి చూస్తే తెర మీద పేరూ పాస్‌వర్డూ అడిగే మొదటి పేజీ ఉంది. కాసేపు ఏమీ చేయకపోతే ఆ మాడ్యూల్ తనంతట తనే మనిషిని బయటికి పంపేస్తుంది. లోగనాయకి మాత్రం పని ముగించి తనే బయటికొచ్చాననుకుంది. అనుకుందా? చిన్న అనుమానం రాకపోలేదు. మళ్లీ లోపలికి వెళ్లి చూడటానికి రెండు నిమిషాలు. బస్సు ఐదు ఇరవైకి. బ్యాగు తీసుకుని లేచింది.

శనివారం పొద్దున ఆఫీసంతా కళకళలాడింది. గుమ్మానికి మామిడాకులు, మెట్ల దగ్గర బూడిదగుమ్మడికాయ, పళ్లేల నిండా బొరుగులు. అందరి కంప్యూటర్లూ ఆపేశారు. సర్వర్లు మాత్రం ఆపలేదు, ఎందుకంటే తొమ్మిదో బ్లేడులో పెద్ద పని నడుస్తోంది. ఒక పత్రిక పదేళ్ల పాత సంచికలన్నీ కొత్త రూపానికి మారుతున్నాయి. గురువారం మొదలైంది, ఆదివారానికి పూర్తవుతుంది, మంగళవారం పంపాలి. యజమాని కేశవన్ గారి భార్య జయంతి గంధం, కుంకుమ ఉన్న వెండిపళ్లెం తెచ్చి, సిస్టమ్స్‌లో సుమంగళి లోగనాయకి ఒక్కతే కదా, ఆమె చేతే పెట్టిద్దామంది. ముకుందన్ స్వయంగా తలుపు తెరిచి పట్టుకున్నాడు. రెండేళ్లుగా ఆ గదిలో ఆమె చేసిన ఏ పనికీ అతను తలుపు పట్టుకోలేదు.

గది ఊడ్చి తుడిచే చిన్నమ్మాళ్, బకెట్టు పట్టుకుని అద్దం బయటే నిలబడిపోయింది. భర్త పోయి ఆరేళ్లయిన మనిషి, పూజ అయ్యేదాకా రాకూడదని ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసుకుంది. కురుచికుప్పం దగ్గర సందులో కాపురం. అందరూ తమిళం మాట్లాడే ఆ ఆఫీసులో తెలుగు మాట్లాడేది వాళ్లిద్దరే. ఒకరోజు లోగనాయకి ఫోనులో అత్తగారితో మాట్లాడుతుంటే విని, "మనోళ్లా నువ్వు?" అని దగ్గరికొచ్చింది. కులాలు వేరు, వీధులు వేరు, ఇద్దరికీ తెలుగు అక్షరం ఒక్కటి రాదు. అయినా ఆ రోజు నుంచి మధ్యాహ్నం వెనక మెట్ల మీద కూర్చుని ఊరగాయ పంచుకోవడం అలవాటయింది. అత్త ఇవాళ ఎన్నిసార్లు ఫోను చేసిందని చిన్నమ్మాళ్ లెక్కపెట్టి ఆటపట్టిస్తుంది. "అక్కా" అని లోగనాయకి నోరారా పిలిచేది ఆ ఊళ్లో ఆమె ఒక్కతెనే.

లోగనాయకి ఒకటో బ్లేడు నుంచి మొదలుపెట్టింది. గంధం అంటుకోవడం లేదు. లోపలికి గాలి పీల్చే మిషన్లు, ముందంతా చిల్లులే. నునుపుగా ఉండేది ఆ మూతల దగ్గర మాత్రమే, కాబట్టి అక్కడ బొటనవేలితో గట్టిగా ఒత్తి పెడుతూ వచ్చింది. తొమ్మిదోదానికి మూత లేదు. ఫోటో కోసం ఎవరో ఇటు చూడమన్నారు. అటు చూస్తూనే ఒత్తింది. వేలి కింద ఏదో చిన్నగా లోపలికి దిగినట్టయింది. వదులుగా ఉందేమో అనుకుని, దాని మీద కుంకుమ కూడా అద్ది, పదోదానికి వెళ్లిపోయింది. ఆరిన బ్లేడు దీపం గంధం కింద ఎవరికీ కనపడలేదు. హారతి ఇచ్చారు, గుమ్మడికాయ కొట్టారు. అందరూ పొట్లాలు పట్టుకుని వెళ్లిపోయాక, పదకొండున్నరకి చిన్నమ్మాళ్ లోపలికొచ్చి నేల తుడిచింది.

సోమవారం, పాలు పొంగిన ఆ పొద్దున, లోగనాయకి వెళ్లేసరికి ఆఫీసులో గోలగోలగా ఉంది. తొమ్మిదో బ్లేడు శనివారం నుంచి ఆరిపోయి ఉంది. మధ్యలో ఆగిన పని ఎందుకూ పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కేశవన్ గారు తలుపు వేసుకుని ఫోనులో ఎవరికో క్షమాపణలు చెబుతున్నారు. ముకుందన్ ఆమె కుర్చీ దగ్గరికొచ్చి, "ఆ బటన్లు ఆపే ఉంచావు కదా?" అని అడిగాడు. "ఉంచాను సార్" అంది లోగనాయకి.

చూడండి చిత్రం. చేయనివాటికి ఎనిమిదేళ్లుగా తలవంచిన మనిషి, చేసిందాన్ని ఒప్పుకోవాల్సిన క్షణంలో కళ్లార్పకుండా అబద్ధం చెప్పింది. ఆలోచించి చెప్పింది కూడా కాదు. ఒక్క మాట వచ్చినా ఇంట్లోనే అన్న మాట చెవిలో గింగురుమంటుంటే, నోరు దానంతటది కాపాడుకుంది. ముకుందన్ వెళ్లగానే మాడ్యూల్ పేజీ తెరిచి, జరిగినవన్నీ రాసుకునే లాగ్ చూసింది. శుక్రవారం సాయంత్రం ముకుందన్ పేరుతో లోపలికి రావడం, పన్నెండు నిమిషాలకి తనంతట తానే బయటికి పంపబడటం. మధ్యలో ఏ మార్పూ లేదు. శనివారం పది నలభై రెండు: తొమ్మిదో బ్లేడు, ముందు వైపు బటన్ నొక్కడం వల్ల ఆగింది. ఆ పది నలభై రెండుకి అక్కడ ఎవరి వేలు ఉందో ఫోటోతో సహా ఆఫీసు బోర్డు మీద అంటించి ఉంది, పట్టుచీర, వెండిపళ్లెం, నవ్వు మొహం.

మధ్యాహ్నానికి దోషి దొరికింది. ఆ గదిలోకి వెళ్లినవాళ్లెవరని లెక్క తీస్తే చివరగా వెళ్లింది చిన్నమ్మాళ్. తుడిచే కట్టె తీగకి తగిలి ఉంటుందని ముకుందన్ తేల్చాడు. పూజ రోజున ఆ చెయ్యి అక్కడ ఎందుకు పడాలని జయంతి ఫోనులో అందట. ఆ మాట నలుగురి నోళ్లలో నాని సాయంత్రానికి అదే అసలు కారణమైంది. తీగకి తగిలితే పద్నాలుగూ ఆరిపోవాలి, ఒక్క తొమ్మిదోదే ఎలా ఆరుతుందని ఎవరూ అడగలేదు. అడగాల్సినంత తెలిసింది ఒక్క లోగనాయకికే, ఆమె అడగలేదు. శుక్రవారం దాకా వచ్చి ఆ తర్వాత మానుకోమని చిన్నమ్మాళ్‌కి చెప్పేశారు. ముకుందన్ ఇంటికెళ్తూ ఆగి, లాగ్ నిండిపోతోందని హెచ్చరిక వస్తోంది, తుడిచెయ్యమని లోగనాయకికి చెప్పాడు. అతనికేమీ తెలియదు, మామూలుగా నెలకోసారి చెప్పే మాటే. ఒక్క బటన్. నొక్కితే పది నలభై రెండు అనేది ఈ లోకంలో ఎక్కడా ఉండదు. "చేస్తాను సార్" అంది. చేయలేదు. ఎందుకు చేయలేదో కూడా ఆమెకి తెలియదు.

మంగళ, బుధ వారాల్లో ఆమె వెనక మెట్ల వైపు వెళ్లలేదు. పని ఎక్కువగా ఉందన్నట్టు కుర్చీలోనే అన్నం తింది. తిన్నదేమిటో తెలియలేదు. లాగ్‌ని పైనుంచి కిందికి చదువుతూ కూర్చుంది. రెండేళ్ల లాగ్. వానల్లో మూడుసార్లు కరెంటు పోయినప్పుడు ఆదివారం కూడా పరిగెత్తుకొచ్చి లేపింది, ముకుందన్. వేసవిలో ఏసీ చెడిపోయి ఆరో బ్లేడు కాలిపోబోతుంటే చల్లార్చింది, ముకుందన్. తను చేసిన మంచి పని ప్రతిదాని పక్కనా అతని పేరుంది. ఏ పేరూ లేకుండా ఉన్నది ఆ పది నలభై రెండు ఒక్కటే. దానికి కూడా ఎవరి పేరో పెట్టేశారు, తను చూస్తూ కూర్చుంది. స్టవ్ పక్కన కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషి ఆమెకి అప్పుడు గుర్తొచ్చాడు. అతన్ని అనడానికి తనకి మొహం ఎక్కడుంది.

గురువారం చిన్నమ్మాళే వచ్చింది. బల్లలు తుడుస్తూ తుడుస్తూ ఈమె దగ్గర ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"లోగమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నువ్వు సెప్పు. నా కట్టె తగిల్తే ఆ పెట్టె ఆరిపోతాదా?"

లోగనాయకి కీబోర్డు మీంచి కళ్లెత్తకుండా, "తెలీదక్కా" అంది.

"తగిలినట్టు నాకైతే గ్యాపకం లేదు. అయినా ఇంతమంది అంటా ఉండారంటే తగిలే ఉంటాది. తప్పు నాదే అయ్యుంటాదిలే." అని, కీబోర్డు పక్కన పడ్డ అన్నం మెతుకు ఒకటి గుడ్డతో తీసి, పక్క బల్ల దగ్గరికి పోయింది.

లోగనాయకి తలెత్తి ఆమె వెళ్లినవైపు చూసింది. అది తన మాట. ఆ దిగిపోయే గొంతు, చివర్లో ఆ "లే", అన్నీ తనవే. ఇన్నేళ్లూ ఆ మాట తన నోటితో అంటూ వచ్చింది గానీ, ఇంకొకరి నోట బయటినుంచి వినడం అదే మొదటిసారి. ఇలాగన్నమాట ఉంటుంది వినడానికి. ఇలా నమ్మిస్తారన్నమాట మనిషిని. తనని నమ్మించినవాళ్లు ఇంట్లో ఉన్నారు. ఈమెని నమ్మించింది తను. ఊరగాయ పంచుకున్న చేత్తోనే ఆ పని చేసింది. బాత్రూములోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఏడిస్తే తేలికపడుతుందంటారు, పడలేదు.

సాయంత్రం చపాతీలు ఒత్తుతూ ఉదయకుమార్‌తో చెప్పబోయింది. ఆఫీసులో ఒక తప్పు జరిగిందని, దానికి ఊడ్చే ఆమెని తీసేస్తున్నారని. అతను టీవీ మీంచి చూపు తిప్పకుండా, నీ మీదికి మాటేమైనా వచ్చిందా అని అడిగాడు. ఇంకా రాలేదంది. "రాలేదంటే నోరు మూసుకోని ఉండు. ఆమె కోసరం నువ్వు పోయి తల దూర్చేదేంది?" అన్నాడు. ఇంకోరోజయితే ఆ మాటకి ఆమె మనసులో అతన్ని తిట్టుకునేది. ఆ రోజు తిట్టుకోలేకపోయింది, ఎందుకంటే నాలుగు రోజులుగా తను చేస్తున్నది సరిగ్గా అదే.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకి మాడ్యూల్ పేజీ తెరిచింది. పేర్లు పెట్టుకునే చోటికి వెళ్లి, రెండో వరసలో, రెండేళ్లుగా ఖాళీగా ఉన్న గడిలో, ఇంగ్లీషు అక్షరాల్లో లోగనాయకి అని కొట్టింది. పాస్‌వర్డ్ పెట్టింది. ముకుందన్ పేరులోంచి బయటికొచ్చి తన పేరుతో లోపలికి వెళ్లింది. పద్నాలుగు గడుల్లోనూ టిక్కులు పెట్టింది. అప్పుడే ఫోను మోగింది. ఇల్లు. చెయ్యి దానంతటది ఫోను మీదికి పోయింది. ఆ చేతిని వెనక్కి తీసుకుని, మౌసు మీద పెట్టి, కింది వరస నొక్కింది. బటన్లు ఆగాయని పేజీ చెప్పింది. లాగ్‌లో కొత్త వరస చేరింది, పక్కన ఆమె పేరు. ఫోను మోగి మోగి ఆగి, మళ్లీ మొదలైంది. లాగ్ మొత్తాన్నీ ఒక ఫైలుగా దించి, కేశవన్ గారికీ ముకుందన్‌కీ ఉత్తరం రాసింది. శనివారం తొమ్మిదో బ్లేడుని ఆపింది నా బొటనవేలు. ముందురోజు బటన్లు ఆపకుండా ఆపాననుకున్నాను. అనుమానం వచ్చినా చూడలేదు. సోమవారం అడిగితే అబద్ధం చెప్పాను. చిన్నమ్మాళ్ ఆ గదిలోకి వచ్చింది అది ఆరిపోయిన ముప్పావుగంట తర్వాత, తలుపు దగ్గర కెమెరా చూస్తే తెలుస్తుంది. ఇకమీద ఆ పేజీలో నేను చేసే పని నా పేరు మీదే జరుగుతుంది. వచ్చే ఏడాది బొట్లు ఇంకెవరి చేతనైనా పెట్టించండి. అంతా రాసి, చివర ఒక్క వాక్యం చేర్చింది: తప్పు నాదే. ఎన్ని వేలసార్లు అన్న మాటో, రాసేటప్పుడు మాత్రం ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. పంపేసింది. ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

గంటకి కేశవన్ గారి జవాబు వచ్చింది. చిన్నమ్మాళ్‌ని ఉండమని చెప్పండి, మీ సంగతి సోమవారం మాట్లాడతాను. అంతే. ముకుందన్ ఎర్రబడ్డ మొహంతో వచ్చి నిలబడ్డాడు. పోయిన పని గురించో, అబద్ధం గురించో అడుగుతాడనుకుంది. అతను అడిగింది వేరు. "నీ పేరుతో లాగిన్ ఎవర్నడిగి పెట్టావు?" ఎవరినీ అడగలేదు సార్ అని చెప్పి, వెనక మెట్ల దగ్గరికి వెళ్లింది.

చిన్నమ్మాళ్ కట్టెకున్న గుడ్డ విప్పి పిండుతోంది. ఉద్యోగం పోలేదని చెబితే మొహం వికసించింది. అయితే నా కట్టె తగల్లేదా అని అడిగింది. తగల్లేదు, ఆర్పింది నేనే, బొట్టు పెడుతూ అని చెప్పింది లోగనాయకి. చిన్నమ్మాళ్ పిండుతున్న చేతులు ఆగాయి.

"ఎప్పుడు తెలిసె నీకు?"

"సోమారమే."

తిడుతుందని ఎదురుచూసింది లోగనాయకి, తిడితే బాగుండుననుకుంది. చిన్నమ్మాళ్ గుడ్డని తీగ మీద ఆరేసి, ముడతలు లేకుండా రెండు వైపులా లాగి, బకెట్టు తీసుకుని, "అయిదు దినాలు" అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది. ఆ మెట్ల మీద మళ్లీ ఎప్పటికైనా పక్కన కూర్చోనిస్తుందో లేదో తెలియదు. కూర్చోనివ్వకపోతే అడిగే హక్కు తనకి లేదు. ఈ బరువు తనదే, ఎవరో ఎత్తింది కాదు, దించమని ఎవర్నీ అడగకూడదు. అది బాగా తెలుస్తూనే ఉంది.

బస్‌స్టాపులో నిలబడ్డాక ఎనిమిదోసారి ఫోను మోగింది. ఎత్తింది. వేదవల్లమ్మ ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది. ఏడుసార్లు చేసినా, కన్నబిడ్డ ఇంట్లో ఉండాదనే జ్ఞాపకమైనా ఉందా, ఏదైనా జరిగుంటే ఏమయ్యేది. ఏమైంది అత్తా, పాప బాగుందా అని అడిగింది లోగనాయకి. పాప బాగానే ఉంది, ఆడుకుంటోంది. ఉదయకుమార్ కూడా పెందలాడే వచ్చి టీవీ చూస్తున్నాడు.

"నీకు ఫోను చేస్తా నేను ఈడ నిలబడుకోనుంటే ఆడ పాలన్నీ పొంగి పోయినాయి. నువ్వు మొదటిసారే ఎత్తి ఉంటే పొంగునా? చెప్పు, ఇది ఎవరి తప్పు?"

ఎదురుగా బస్సు వచ్చి ఆగింది. లోగనాయకి నోట్లో ఆ మాట ఎప్పటిలాగే తయారుగా ఉంది. కానీ ఆ మాటని ఆ రోజు అది చెందే చోట ఖర్చుపెట్టేసింది.

"ఇది నా తప్పు కాదత్తా" అంది.